మీ ప్రశ్న, మా జవాబు: కంపెనీ మునిగిన వారానికే వచ్చిన మేనేజర్ ఉద్యోగం

ప్రశ్న: అన్నా, నా వయసు 29. మాది నల్గొండ జిల్లాలో కనగల్ దగ్గర ఒక ఊరు. బీకాం చేసి, టాలీ నేర్చుకుని, ఆరేళ్ల కింద నల్గొండలోనే ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ బ్రాంచిలో క్యాషియర్‌గా చేరాను. తర్వాత అకౌంట్స్ అంతా నాకే అప్పజెప్పారు. జీతం 24 వేలు. ప్లాటుకు డబ్బు కడితే నెలనెలా రాబడి ఇస్తామని, రెండేళ్లయ్యాక ప్లాటు వద్దంటే కంపెనీయే ఎక్కువ ధరకు తిరిగి కొంటుందని స్కీము. నేను చేర్పించిన వాళ్ల మీద నాకు 2 శాతం కమీషన్ వచ్చేది. మా మేనమామ బత్తాయి తోట మీద వచ్చిన పైసలు, ఇంకొంత అప్పు కలిపి 4 లక్షలు పెట్టాడు, నేను చెబితేనే పెట్టాడు. దసరా ముందు నుంచి చెల్లింపులు ఆగిపోయాయి. ఇప్పుడు హైదరాబాద్ హెడ్డాఫీసుకు తాళం, ఎండీ ఫోన్ స్విచాఫ్. జనం మా ఇంటికి వస్తున్నారు.

ఇట్లుండగా పాత డైరెక్టర్లలో ఒకాయన ఫోన్ చేశాడు. మహబూబ్‌నగర్‌లో వేరే పేరుతో కొత్త కంపెనీ పెడుతున్నాడట. నన్ను బ్రాంచి మేనేజర్‌గా రమ్మన్నాడు, జీతం 55 వేలు, కారు. రెండు పనులు మాత్రం ముందు చేసిపెట్టాలన్నాడు. ఒకటి, నల్గొండ కస్టమర్ల దగ్గర పాత అగ్రిమెంట్లు, రశీదుల ఒరిజినల్స్ వెనక్కి తీసుకుని కొత్త కంపెనీకి మారుతున్నట్టు సంతకాలు చేయించాలి. రెండోది, కొన్ని వోచర్లు పాత తేదీలతో మళ్లీ రాయాలి. నేను ఒప్పుకోకపోతే ఇంకొకరు చేస్తారు, అదే నేను లోపల ఉంటే మా మామకు, మా ఊరివాళ్లకు ముందు పైసలు ఇప్పించుకోవచ్చు కదా అనిపిస్తోంది. మా ఆవిడ వద్దంటోంది. నాయిన మాత్రం ఇంత మంచి జీతం మళ్లీ వస్తుందా అంటున్నాడు. ఇంటి అప్పు ఉంది, టెన్షన్‌తో నిద్ర లేదు. ఏం చేయమంటారు? (పేరు వద్దన్నారు)

జవాబు: తమ్ముడూ, ముందు జీతం సంగతి తేల్చుకుందాం, మీ నాయిన కూడా దాని గురించే అడుగుతున్నాడు కాబట్టి. 24 వేలు తీసుకునే మనిషికి, అదీ జేబులో పైసా లేక మూతపడిన కంపెనీ మనిషికి, అదే కంపెనీ డైరెక్టరు 55 వేలూ కారూ ఎందుకిస్తాడు? టాలీ వచ్చినవాళ్లు మహబూబ్‌నగర్‌లో దొరకరా? నీలాంటి చదువే చదివి 15 వేలకు పనిచేసేవాళ్లు ప్రతి ఆడిటర్ ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ల దగ్గర లేనిది నీ దగ్గర ఒకటుంది: నువ్వు అడిగితే మీ ఊరి వాళ్లు బీరువా తెరిచి ఒరిజినల్ కాగితాలు తెచ్చి నీ చేతిలో పెడతారు. ఆయన ఇస్తానన్న వెల దానికి. ఆ కాగితాలు చేతికి వచ్చిన మర్నాడు నీ 55 వేలు ఎంతవుతాయో, అసలు ఉంటాయో లేదో నువ్వే ఊహించుకో.

ఆ ఒరిజినల్స్ గురించే ఇంకొంచెం చెప్పాలి, నువ్వు దాన్ని చిన్న ఆఫీసు పనిలాగా రాశావు మరి. మునిగిన కంపెనీలో డబ్బు పెట్టినవాడికి చివరికి మిగిలేది ఆ కాగితమే. జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని మునిగిన అగ్రిగోల్డ్ మన రెండు రాష్ట్రాలకూ గుర్తుండే ఉంటుంది, ఇతర రాష్ట్రాలతో కలిపి సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు, ఆరు వేల కోట్లకు పైన సొమ్ము. 2019లో 10 వేల లోపు వాళ్లకు, 2021లో 20 వేల లోపు వాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు ఇచ్చినప్పుడు బాండ్లు, రశీదులు చూసే లెక్క తేల్చారు. రేపు మీ కంపెనీ ఆస్తులు జప్తయి, కోర్టు ద్వారా రూపాయికి పది పైసలో ఇరవై పైసలో పంచే రోజు వస్తే, మీ మామ కోర్టుకు ఏం చూపిస్తాడు? కొత్త కంపెనీ ఇచ్చిన రంగు కాగితమా? దాని మీద ఆయన ఇష్టపూర్వకంగా పాత బాకీ వదులుకుని ఇటు మారినట్టు రాసి ఉంటుంది, కింద సాక్షి సంతకం నీదై ఉంటుంది.

ఇక వోచర్లు. నువ్వు చిన్న ఉద్యోగివని, పైవాళ్లు చెబితే చేశానంటే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకు. లెక్కల పుస్తకాలు తప్పుగా రాయడం గురించి భారతీయ న్యాయ సంహితలో 344వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 477ఏ. అది మొదలవడమే క్లర్కులు, ఆఫీసర్లు, నౌకర్లు అంటూ మొదలవుతుంది, శిక్ష ఏడేళ్ల దాకా. అనుమతి లేని డిపాజిట్ స్కీముల మీద 2019లో కేంద్రం చట్టం తెచ్చింది, దాని ప్రకారం అలాంటి స్కీములో చేరమని జనాన్ని పురమాయించడం కూడా నేరమే, ఏడాది నుంచి అయిదేళ్ల జైలు, 2 లక్షల నుంచి 10 లక్షల జరిమానా. మీ డైరెక్టరు కొత్త స్కీముకు ప్లాటు అని పేరు పెట్టినా, నెలనెలా రాబడి అన్న మాట కరపత్రంలో ఉంటే పోలీసులు ముందు ఈ చట్టమే తీస్తారు. రియల్ ఎస్టేట్ వెంచర్లను నమోదు చేసే రెరా రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని ఆయన్నొకసారి అడిగి చూడు, మాట ఎటు మారుస్తాడో నీకే తెలుస్తుంది. ఆ నంబరు లేకుండా పెద్ద వెంచర్‌ను ప్రకటించడానికీ, బుకింగులు తీసుకోవడానికీ వీల్లేదు.

చిన్న ఉద్యోగులకు ఏమీ కాదు అనేవాళ్లకు నేను ఎప్పుడూ సత్యం కంప్యూటర్స్ చెబుతాను. 2009 జనవరి 7న, కంపెనీ లెక్కలు తప్పని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది, అది అందరికీ తెలుసు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందిని దోషులన్నది మాత్రం చాలామంది మరిచిపోయారు. ఆ పది మందిలో రాజు, ఆయన తమ్ముళ్లు, సీఎఫ్ఓ, బయటి ఆడిటర్లు, లోపలి ఆడిటరే కాక ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ఉద్యోగులు ముగ్గురున్నారు. అందరికీ ఏడేళ్ల శిక్షే వేశారు. పై కోర్టుకు వెళ్లారు, శిక్ష నిలిపి బెయిలిచ్చారు, అదంతా సరే, కానీ 2009 నుంచి వాళ్ల ఇళ్లల్లో ఏ పండుగ ఎట్లా జరిగి ఉంటుందో ఆలోచించు. రాజుగారికి పెద్ద లాయర్లు ఉన్నారు. నీకు ఇంటి అప్పుంది.

అదే సత్యంలో ఇంకో సంగతి కూడా చూడు, నీకు పనికొస్తుంది. ఆ కంపెనీలో 50 వేల పైచిలుకు మంది పనిచేసేవాళ్లు. అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దాన్ని కొనుక్కుంది. చాలామంది అందులోనే కొనసాగారు, ఇంకొందరు వేరే చోట చేరారు, సత్యంలో చేశామని రెజ్యూమెలో రాసుకోవడానికి వాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. మునిగిన కంపెనీలో పనిచేయడం మచ్చేమీ కాదు. ఆఖరి నెలలో నువ్వేం చేశావో మాత్రం అడుగుతారు.

నువ్వు రాసిన వాటిలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ చివరి వాదన: లోపల ఉంటే మనవాళ్లకు ముందు ఇప్పించుకోవచ్చు అని. నీ మనసు మంచిదే, అనుమానం లేదు, కానీ ఆ పైసలు ఎక్కడివో లెక్కలు రాసిన మనిషివి నీకు నేను చెప్పాలా? కొత్త కంపెనీకి భూమీ లేదు, పంటా లేదు. మహబూబ్‌నగర్‌లో, నారాయణపేటలో, మక్తల్‌లో కొత్తగా చేరేవాళ్లు కట్టిందే ఉంటుంది. పాలమూరు కూలీ ముంబైకో పుణెకో వలసపోయి, మట్టి పనిచేసి, కూతురి పెళ్లికని దాచిన సొమ్ము మీ మామ ఖాతాలో రాబడి పేరుతో పడుతుంది. ఆ కూలీకి నీలాంటి మేనల్లుడు లోపల ఉండడు. ఇంకొకరు చేస్తారు కదా అన్నావు. చేస్తారేమో. కానీ నల్గొండ కాగితాలు మాత్రం నువ్వు లేకుండా వాళ్లకు అంత తేలిగ్గా రావు, అందుకే నీకు ఫోనొచ్చింది.

ఇప్పుడు కష్టమైన మాట. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను. మీ మామ పెట్టిన 4 లక్షల మీద నీకు 2 శాతం, అంటే 8 వేలు కమీషన్ వచ్చింది. అది తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టు. ఏ చట్టమూ ముందుగా ఇది అడగదు, అది తీరిస్తే నష్టం తీరదు కూడా. కానీ రేపు నువ్వు ఊళ్లో కూర్చుని, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి అని చెప్పినప్పుడు, నువ్వు తిన్నావు కదరా అని ఒకరు అంటారు, అది ఖాయం. అప్పుడు మామ నీ పక్కన కూర్చుని ఉండాలి. మిగతా వాళ్ల కమీషన్ కూడా లెక్క రాసి పెట్టుకో, ఇచ్చే స్తోమత ఎప్పుడొస్తే అప్పుడు చూద్దువుగాని, పోలీసులు అడిగితే దాచకు.

చేయాల్సిన పనులంటావా, డైరెక్టరుకు ఫోన్లో గొడవ పెట్టుకోకు. రాలేను సార్ అని ఒక్క మెసేజ్ పెట్టు, కారణాలు రాయకు. ఆయన పాత తేదీల గురించి, ఒరిజినల్స్ గురించి పంపిన వాట్సాప్ మెసేజీలు, కాల్ వివరాలు అట్లాగే ఉంచు. ఆఫీసు కంప్యూటర్లో టాలీ డేటాను ముట్టుకోవద్దు, చెరపొద్దు, సరిచేయొద్దు, ఏదైనా తప్పు కనిపించినా సరే. సాక్ష్యం కాకుండా చేయాలని రికార్డు మాయం చేయడం దానికదే వేరే కేసు. తాళం చెవులు నీ దగ్గరుంటే ఎవరికి ఎప్పుడిచ్చావో కాగితం మీద రాయించుకో. నీ అపాయింట్‌మెంట్ లెటరు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, నీకు పైనుంచి వచ్చిన ఆదేశాలు ఒక ఫైల్లో పెట్టు. కస్టమర్ల పేర్లు, నంబర్ల లిస్టు మాత్రం ఎవరికీ ఇవ్వకు, పోటీ కంపెనీవాళ్లు కూడా అడుగుతారు చూడు, దానికి వేరే రేటు చెబుతారు.

తర్వాత పోలీసులు పిలిచేదాకా ఆగకుండా ఒక వకీలును కలువు. ఫీజు కష్టమైతే నల్గొండ కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆదాయం తక్కువున్నవాళ్లకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. రశీదుల మీద నీ సంతకాలు ఉన్నాయి కాబట్టి నిన్ను అడగకుండా వదలరు. కేసులో నువ్వు సాక్షిగా ఉంటావా, ఇంకోలా ఉంటావా అన్నది చాలావరకు ఈ రెండు మూడు వారాల్లో నువ్వు చేసే పనుల మీదే ఉంది. వకీలును వెంటబెట్టుకుని ఎస్పీ ఆఫీసుకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు రాసివ్వడం నాకు సరైనదనిపిస్తుంది, అయితే కాగితాలన్నీ చూసిన వకీలు మాట నా మాట కంటే ముందు. కస్టమర్లు గుంపుగా ఫిర్యాదు ఇస్తే, 1999 డిపాజిటర్ల రక్షణ చట్టం కింద ఆస్తులు జప్తు చేయించే వీలుంది, ఇంటికొచ్చి అరిచేవాళ్లకు ఆ సంగతి చెప్పు, తలుపేసుకుని లోపల కూర్చుంటే అనుమానమే పెరుగుతుంది. పీఎఫ్ పాస్‌బుక్ కూడా ఒకసారి తెరిచి చూడు. జీతంలో కోసి అక్కడ కట్టకపోతే అది నమ్మకద్రోహం కిందికే వస్తుంది, ఈపీఎఫ్ఓకు ఫిర్యాదు పెట్టు.

ఉద్యోగం? మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో లెక్కలు, జీఎస్టీ చూసేవాళ్లు ఎప్పుడూ కావాలి. చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీల స్టోర్స్‌లో అడుగు. 18 వేలు రావచ్చు, 20 రావచ్చు. 55 రాదు. అప్పిచ్చిన బ్యాంకుకు వెళ్లి ఉద్యోగం పోయిందని ముందే చెప్పి, కాలపరిమితి పెంచమని రాతపూర్వకంగా అడుగు, కిస్తీ తప్పాక అడిగితే మాట వినరు. మీ ఆవిడ చెప్పింది సరైనదని నాయినకు నా మాటగా చెప్పు.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో సూపర్‌వైజర్‌ను. కంపెనీ మూసేస్తున్నారు, మూడు నెలల జీతాలు బాకీ. నా లైన్లో అందరూ ఆడవాళ్లే, చుట్టుపక్కల తండాల నుంచి, ఊళ్ల నుంచి వస్తారు. సగం డబ్బు ఇచ్చి 'మొత్తం ముట్టింది' అన్న కాగితం మీద వాళ్లతో సంతకాలు పెట్టిస్తే, వేరే యూనిట్‌లో నాకు ఉద్యోగం ఖాయమని హెచ్ఆర్ సార్ అంటున్నారు. వాళ్లకూ సగమైనా వస్తుంది కదా? (ఒక సోదరి, మహబూబ్‌నగర్ జిల్లా)

జవాబు: చెల్లెమ్మా, సగం తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఇంట్లో పొయ్యి వెలగని మనిషికి సగం కూడా పెద్దదే, వద్దనడానికి మనమెవరం? నువ్వు చేయగూడనిది ఒక్కటే, ఆ కాగితంలో ఏముందో చెప్పకుండా వేలిముద్ర వేయించడం. చదివి వినిపించు. 'ఇంత ముట్టింది, ఇంత బాకీ ఉంది' అని రాసిన రశీదైతే పెడతాం అనమను. హెచ్ఆర్ ఆయన ఒప్పుకోడు, ఒప్పుకోడనే కదా నీకు ఉద్యోగం ఆశ చూపింది.

వాళ్లకు చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. అయిదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ ఉంది, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన, అలాంటి కాగితం మీద సంతకం పెట్టించుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. మహబూబ్‌నగర్ లేబర్ ఆఫీసుకు ఒక్కొక్కరు కాకుండా కలిసి వెళ్లాలి. కంపెనీ దివాలా కేసుగా ఎన్‌సీఎల్‌టీకి, అంటే కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కు, వెళ్తే బాకీ క్లెయిము ఫారం గడువులోగా వేయాలి. ఆస్తులు అమ్మేదాకా వస్తే కార్మికుల 24 నెలల బాకీ తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా నిలబడుతుంది, పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్ము అసలు ఆ పంపకంలోకే రాదు. నువ్వు సూపర్‌వైజర్‌వి కాబట్టి నిన్ను కార్మికుల కింద కాక ఉద్యోగుల కింద లెక్కేయవచ్చు, వాళ్లకు 12 నెలలే, అదీ బ్యాంకుల తర్వాత. అంటే నీ క్లెయిమూ వాళ్ల క్లెయిమూ ఒకటి కాకపోవచ్చు, వేర్వేరుగా వేయండి.

కొత్త యూనిట్ ఉద్యోగానికి విడిగా అప్లికేషన్ పెట్టుకో, నీ అనుభవానికి అది రావచ్చు. వస్తే చేరు, తప్పేం లేదు. ఈ సంతకాలతో ముడిపెట్టి ఇస్తామంటే వద్దను. రేపు అదే యూనిట్‌కు ఆ తండా ఆడవాళ్లే పనికి వస్తారు, వాళ్లతోనే నువ్వు పని చేయించాలి.

ప్రశ్న: మాది దేవరకొండ. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీలో మంచి జీతం వదిలేసి వచ్చాడు, అక్కడ జరిగేది అన్యాయం అన్నాడు. తర్వాత ఆ కంపెనీ నిజంగానే మూతపడింది. బాగానే చేశాడని అనుకున్నాం. కానీ ఎనిమిది నెలలైంది, ఏ ఉద్యోగం చెప్పినా అక్కడా మోసమే అంటాడు. చుట్టాలు నవ్వుతున్నారు. (ఒక తండ్రి)

జవాబు: అన్నగారూ, మొదటిది మంచి పనే, మూతపడక ముందే వదిలేశాడంటే ఇంకా మంచిది, ఆ మాట చుట్టాల ముందు మీరు గట్టిగా అనాలి. రెండోది వేరే సంగతి. ఒక చోట తప్పు పట్టుకున్న మనిషికి కొన్నాళ్లు అన్ని చోట్లా అదే కనిపిస్తుంది, కొందరికి అది బద్ధకానికి కూడా బాగా అక్కరకొస్తుంది. మీవాడు ఏ రకమో నేనిక్కడ కూర్చుని చెప్పలేను. ఏ కంపెనీలో ఏం మోసమో రాసివ్వమనండి, నిజంగా ఉంటే రాయగలడు. ఈలోగా డిగ్రీ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పినా, మీ షాపు ఉంటే అందులో కూర్చున్నా సరే, పొద్దున్నే లేచి వెళ్లే చోటు ఒకటి ఉండాలి.

ఇంతకీ ఆ కంపెనీలో ఏం చూసి వచ్చేశాడో మీతో చెప్పాడా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అది మాత్రం ఎక్కడా లేదు.